గుండెకు బీమా ఉంది, బాల్యానికి లేదు

2018 వానాకాలంలో ఒక రాత్రి మా అక్క ఫోను చేసింది. "తమ్మీ, పిల్ల పాలు తాగుతాంటే నుదురంత చెమటలు పడ్తున్నయి. రెండు గుక్కలు తాగంగనే ఆయాసపడ్తాంది" అన్నది. అప్పటికి అక్కా బావా పాలమూరు నుంచి వలస వచ్చి, హైదరాబాదు శివార్లలో ఒక భవన నిర్మాణం పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నారు. పాపకు పద్నాలుగు నెలలు. అంతకుముందే మూడుసార్లు నిమ్ము చేసింది. మూడుసార్లూ ఆ సందులోని ఆర్‌ఎంపీ సూదిమందు ఇచ్చి పంపాడు. నాలుగోసారి నేను వెళ్లి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాను. ఎకో పరీక్ష చేసి, గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉందన్నారు. ఆపరేషన్ చేస్తే నయమవుతుందనీ, ఆరోగ్యశ్రీలో పైసా ఖర్చు లేకుండా జరుగుతుందనీ ధైర్యం చెప్పారు. నేను ప్రభుత్వ బడిలో పంతులును. పథకాల గురించి నలుగురికి చెప్పేవాణ్ణి. ఇక భయం లేదనుకున్నాను.

ఆహార భద్రత కార్డులో అక్క పేరుంది, బావ పేరుంది, పెద్దపిల్లవాడి పేరుంది. పాప పేరు లేదు. మీ సేవలో దరఖాస్తు పెట్టి అప్పటికే ఏడాది కావస్తోంది. తెలంగాణలో కొత్త కార్డులూ పేర్ల చేర్పులూ ఏళ్ల తరబడి ఎలా నిలిచిపోయాయో పాఠకులకు తెలుసు. పాప పుట్టినట్టు జనన ధ్రువపత్రం ఉంది, టీకాల కార్డు ఉంది, కన్నతల్లి ఎదురుగా నిలబడి ఉంది. కానీ రేషను బియ్యం లెక్కలో లేని బిడ్డ ఆపరేషను లెక్కలోకి రాదు. చివరికి ఒక అధికారి ఇచ్చిన లేఖతో పని జరిగింది. ఆ లేఖ కోసం మా ఊరి పెద్దమనిషి ఇంటి ముందు రెండు ఉదయాలు నిలబడవలసి వచ్చింది. మా నాన్న జీతమున్న ఇల్లు అది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నాక మళ్లీ ఆ గడప ముందు నిలబడనని నేను అనుకున్న ఇల్లు. ఈ తతంగానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో పాపకు మరోసారి నిమ్ము చేసింది. బరువు తగ్గింది, రక్తం తగ్గింది. ఈ స్థితిలో కోయలేమని, కాస్త పుంజుకున్నాక రమ్మని ఆసుపత్రివారు మరో నెల వాయిదా వేశారు.

ఎట్టకేలకు చేర్చుకున్న రోజున ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర వివరాలు రాసుకుంటున్నారు. ఊరు, మండలం, వయసు, వ్యాధి. ఆ తరువాత "కులం?" అని అడిగారు. "ఎస్సీ" అన్నది అక్క. "ఎస్సీలో?" అన్నారు. "మాదిగోల్లం సారూ" అన్నది. ఆ గడి నిండింది. ఆ నిండిన గడి ఆ తరువాత ఎక్కడికి పోయిందన్నదే నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్న ప్రశ్న. ఈ వ్యాసం దాని గురించే.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఆపరేషన్ జరిగింది. పాప బతికింది. ఇప్పుడు బడికి పోతోంది, పరుగెడుతోంది, దెబ్బలు తగిలించుకొని వస్తోంది. పథకం లేకపోతే ఆ బిడ్డ లేదు. మాదిగవాడ నుంచి వచ్చిన ఆడపిల్లను గాజు తలుపుల ఆసుపత్రిలో పడుకోబెట్టి, నిపుణులైన వైద్యులు ఆమె గుండెను బాగుచేసి పంపడం మా తాతల కాలంలో ఊహకు అందని సంగతి. ఆరోగ్యశ్రీని 'ఉచితాల' జాబితాలో వేసి వెక్కిరించే సంపాదకీయ మేధావులతో నాకు ఏకీభావం లేదు. అదే సమయంలో, కృతజ్ఞత ప్రశ్నను మింగేయకూడదు.

ఎందుకంటే అదే వార్డులో ఒక తండా నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల బాలుడున్నాడు. అతనికీ పుట్టుకతో వచ్చిన రంధ్రమే. పెదవులు, గోళ్లు నీలంగా ఉండేవి. అతని కార్డులో పేరుంది, పరిమితిలో డబ్బుంది, ఆసుపత్రిలో మంచముంది. కానీ ఆపరేషన్ చేయలేమన్నారు. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఊపిరితిత్తులకు అవసరానికి మించి రక్తం పోయి, అక్కడి రక్తనాళాలు బిరుసెక్కిపోతాయి. ఒక దశ దాటాక రంధ్రం మూయడమే ప్రాణానికి ముప్పు. ఆ బాలుడు ఆ దశ దాటిపోయాడు. వాళ్ల నాన్న కార్డును మళ్లీ మళ్లీ చూపిస్తూ, "ఇంకా పైసలు ఉన్నయి గద సార్ దీంట్ల" అని వైద్యుణ్ణి అడిగిన మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

పుట్టుకతో వచ్చే గుండె లోపాలు వెయ్యి జననాల్లో దాదాపు 8 నుంచి 9 మందికి ఉంటాయని వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ లోపం కులాన్ని చూసి రాదు. అగ్రహారంలోనూ పుడుతుంది, వాడలోనూ పుడుతుంది. దాన్ని ఎన్నో నెలలో కనుగొంటారు, ఎవరు కనుగొంటారు, కనుగొన్న తరువాత ఎన్ని రోజులకు కత్తి పడుతుంది అన్నవి మాత్రం కులాన్ని చూసే వస్తాయి. పుట్టిన వారంలోనే పిల్లల వైద్యుడి స్టెతస్కోపు ఛాతీని తాకిన బిడ్డకూ, నాలుగో నిమ్ముకు గానీ ఎకో గదిని చూడని బిడ్డకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ ప్యాకేజీ ధరా కొలవదు.

ఆరోగ్యశ్రీ పుట్టుకలోనే పిల్లలున్నారు. 2004 తరువాత ముఖ్యమంత్రి సహాయనిధికి పేద తల్లిదండ్రుల అర్జీలు వెల్లువెత్తాయి. వాటిలో పిల్లల గుండె ఆపరేషన్ల కోసం వచ్చినవి ఎన్నో. ఒక్కొక్క అర్జీకి ఒక్కొక్క చెక్కు ఇచ్చే పద్ధతి సాగదని తేలాక, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పథకాన్ని ప్రారంభించింది. ఏటా కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. మొదట బీమా కంపెనీ ద్వారా, తరువాత నేరుగా ట్రస్టు ద్వారా. పార్టీలు మారాయి, పేర్లు మారాయి, ఫొటోలు మారాయి. పథకాన్ని తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 2018 సెప్టెంబర్‌లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షలంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది.

ఈ అంకెల వేలంపాటను చూసినప్పుడల్లా తండా బాలుడే నాకు గుర్తుకొస్తాడు. పరిమితి 2 లక్షలైనా, 25 లక్షలైనా అతనికి తేడా లేదు. అతనికి కావలసినది ఎనిమిదేళ్ల క్రితం ఒక ఎకో పరీక్ష. పరిమితిని పెంచడం ఎన్నికల సభలో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన పని. ప్రతి తండాలో ప్రతి బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టించడం చెప్పడానికి రుచించని పని, చేయడానికి ఏళ్లు పట్టే పని. మన రాజకీయం మొదటిదాన్నే ఎంచుకుంటూ వచ్చింది.

పరీక్షల ఏర్పాటు అసలే లేదని కాదు. 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో పుట్టులోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదలలో ఆలస్యం కనిపెట్టడం దాని లక్ష్యం. సంచార బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. కాగితం మీద ఇది ఆరోగ్యశ్రీ కన్నా గొప్ప ఆలోచన. అయితే బృందం వచ్చే అంగన్‌వాడీ మా ఊళ్లో ఉంది, బిడ్డ హైదరాబాదు ఇసుక కుప్పల మధ్య ఉంది. వలస పోయే పిల్లలు ఏ కులాల పిల్లలో పాలమూరులో ఎవరిని అడిగినా చెబుతారు. భూమి లేనివాడు వలస పోతాడు. భూమి ఎవరికి లేకుండా పోయిందన్నది చరిత్ర పుస్తకంలో ఉంది. పరీక్ష గ్రామానికి అతుక్కుని, కార్డు రేషను దుకాణానికి అతుక్కుని ఉన్నంతకాలం బిడ్డ రెండింటికీ దూరంగా ఉంటుంది.

ఇక నా బడిలో జరిగినది చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చేది. ఒకే గదిలో పదుల మంది పడుకునే హాస్టల్ అది. చలికాలంలో ఆమెకు గొంతునొప్పి వచ్చింది, జ్వరమొచ్చింది, రెండు రోజుల్లో తగ్గింది. కొన్ని వారాలకు మోకాలు వాచింది. తరువాత ఆ వాపు చీలమండకు మారింది. ఎదిగే వయసు నొప్పులన్నారు. నేను హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తులు పెడుతూ పోయాను, చదువు మీద శ్రద్ధ లేదని ఆమె తండ్రికి చెప్పాను కూడా. రెండేళ్ల తరువాత మెట్లెక్కుతూ కుప్పకూలింది. రుమాటిక్ జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. ఆరోగ్యశ్రీలో కవాటం మార్చారు.

ఈ జబ్బు గురించి విద్యార్థి మిత్రులు తప్పక తెలుసుకోవాలి. ఒక రకం సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి వైద్యం జరగకపోతే, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, శరీరపు రక్షణ వ్యవస్థే ఎదురు తిరిగి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఇరుకు ఇళ్లు, ఇరుకు హాస్టళ్లు, సమయానికి దొరకని మందు దీనికి ఆలవాలం. సంపన్న దేశాల్లో ఇది దాదాపు కనుమరుగైంది. గొంతునొప్పి దశలోనే పెన్సిలిన్ పడితే ఆగుతుంది. జ్వరం ఒకసారి వచ్చినా, మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి ఇస్తే గుండె మరింత పాడవకుండా కాపాడవచ్చు. ఆ మందు చాలా చవక. కవాటం మార్పిడి ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన బీమా కవాటానికి డబ్బిస్తుంది. గొంతునొప్పి దాని జాబితాలో లేదు. కృత్రిమ లోహ కవాటం పెట్టిన తరువాత జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి, ఆడపిల్లయితే రేపటి గర్భం కూడా ప్రమాదమే. కొన్ని ఆపరేషన్లకు ఏడాది పాటు తదుపరి వైద్యం ప్యాకేజీలో ఉంది. ఆమెకు ముందున్నది మాత్రం ఒక్క ఏడాది కాదు, జీవితమంతా.

ఆ అమ్మాయి కవాటం మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఎవరికి చేరింది? ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేరింది. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఆరోగ్యశ్రీ నమూనా గురించి రాస్తూ, లాభం ప్రైవేటు రంగానిదని శీర్షికలోనే చెప్పారు. ప్రజాధనం జిల్లా ఆసుపత్రిని బలపరచకుండా దాన్ని దాటి పోయిందన్నది ఆ విమర్శ సారం. దానికి నేను ఒక్క మాట చేరుస్తాను. తెలుగు నేల మీద కార్పొరేట్ ఆసుపత్రులు, ప్రైవేటు వైద్య కళాశాలలు ఏ కులాల పెట్టుబడితో లేచాయో ఈ పుట చదివేవారికి విడమరచి చెప్పనక్కరలేదు. వాడలో బిడ్డ జబ్బుపడుతుంది, ఖజానా నుంచి డబ్బు కదులుతుంది, ఒకనాటి భూస్వామ్య కులాల ఆసుపత్రి ఖాతాలో పడుతుంది. బకాయిలు పేరుకున్నప్పుడు ఆ ఆసుపత్రులే సేవలు ఆపుతామంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది పదేపదే చూశాం. వారి బకాయిల వాదనలో న్యాయం ఉండవచ్చు. కానీ ప్రతిసారీ బల్ల మీద తాకట్టుగా ఉండేది పేద రోగి శరీరమే. సర్కారు ఆధారంగా నడిచే సంస్థ ఈ పని చేయలేదన్న వాదన నిలవదు. నిలోఫర్ 1953 నుంచి పేద పిల్లలకు పెద్దదిక్కుగా ఉంది. 2021లో తిరుపతిలో దేవస్థానం పిల్లల గుండె ఆసుపత్రిని తెరిచింది. చేయాలన్న సంకల్పమే ప్రశ్న.

మళ్లీ ఆ గడి దగ్గరకు వస్తాను. పథకం మొదటి నెలల ఫలితాలను విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ పరిశోధించి 2012లో ప్రచురించారు. ఆసుపత్రిలో చేరిన కుటుంబాలు చేతి నుంచి పెట్టే ఖర్చు గణనీయంగా తగ్గిందని తేల్చారు. అదే పరిశోధన మరో సంగతీ చెప్పింది. మిగతా జనానికి అందినంత మేలు షెడ్యూల్డ్ కులాల, తెగల కుటుంబాలకు అందలేదు. ఎవరి పేరు మీద పథకం పుట్టిందో వారికే తక్కువ అందింది. ఆ తరువాత పథకం ఎంతో విస్తరించింది. ఈ అంతరం తగ్గిందా, పెరిగిందా అన్నది ప్రభుత్వమే ఏటా చెప్పవలసిన సంగతి. మా అక్క నోటితో చెప్పించి రాసుకున్న కులం ఉంది కదా. దాన్ని కూడి చూపించడానికి కొత్త సర్వే ఏదీ అక్కరలేదు.

తేడా ఎక్కడ మొదలవుతుందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపిస్తుంది. 2019-21 సర్వేలో దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివారు ఎస్టీల్లో దాదాపు 41 శాతం, ఎస్సీల్లో దాదాపు 39 శాతం, ఏ రిజర్వేషన్ వర్గానికీ చెందనివారిలో దాదాపు 30 శాతం. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రక్తం లేదని పాప ఆపరేషన్‌ను నెల వాయిదా వేసింది ఈ లెక్కే. అంటే బీమా పనిచేయాలన్నా దానికి ముందు అన్నం పనిచేయాలి. అంగన్‌వాడీ గుడ్డు, తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి, తాగిన నీళ్లు, ఇవి ఏవీ ప్యాకేజీలు కావు. వీటికి క్లెయిము పెట్టే ఆసుపత్రి లేదు. కాబట్టి వీటి తరఫున ఒత్తిడి తెచ్చే సంఘమూ లేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం వనరుల్లో మూడింట రెండొంతులు లేదా అంతకుమించి ప్రాథమిక వైద్యానికి పోవాలని రాసుకుంది. రాసుకున్న మాట రాసుకున్న చోటే ఉంది.

ఈ చర్చలో బాబాసాహెబ్ అంబేడ్కర్‌ను తలవకుండా ఉండలేను. ఆయనకూ రమాబాయికీ పుట్టిన అయిదుగురు బిడ్డల్లో యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న చిన్నతనంలోనే పోయారు. రాజరత్న పోయింది 1926లో. విదేశాల్లో రెండు డాక్టరేట్లు సాధించిన మనిషి ఇంటి కథ అది. మిగతా వాడల కథ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. రెండేళ్లకే, 1928లో, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును ఆయన సమర్థించారు. తల్లి బాగుంటేనే బిడ్డ బాగుంటుందన్న ఆలోచనను ఆయన దానంగా కాక, చట్టంగా మార్చాలని చూశారు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. దాని ఫలితమే 1948 ఈఎస్ఐ చట్టం. ఆ చట్టంలో కార్మికుడు అర్జీదారు కాడు, హక్కుదారు. అతని కుటుంబానికి వైద్యం అందించే బాధ్యత వ్యవస్థ మీద ఉంది. అయితే ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. పొలం కూలీ, పాకీ పని, చెప్పులు కుట్టే పని దాని బయట మిగిలాయి. బయట మిగిలినవారికి అరవై ఏళ్ల తరువాత వచ్చింది హక్కు కాదు, పథకం. పథకానికి పేరు పెట్టవచ్చు, మార్చవచ్చు, బకాయి పెట్టవచ్చు. కోర్టుకు పోయి అడగడానికి చట్టంలో చోటు ఉండదు.

పిల్లల ఆరోగ్యాన్ని హక్కుగా రాసుకున్న చోట పోరాటం ఎలా ఉంటుందో అమెరికా చూపిస్తుంది. అది ఆదర్శ దేశమని కాదు. అందరికీ వైద్యం ఇవ్వలేకపోయిన సంపన్న దేశం అది. 1964లో, సైన్యానికి అనర్హులుగా తేలిన యువకుల మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక, ఎందరో చిన్నప్పుడే నయం చేయదగిన లోపాలతో పెద్దవారయ్యారని చెప్పింది. 1967లో పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో ఒక నియమం చేర్చారు. పేద పిల్లలకు నిర్ణీత వయసుల్లో పరీక్షలు చేయాలి, పరీక్షలో బయటపడిన లోపానికి వైద్యం చేసి తీరాలి. మెడికెయిడ్‌కు అర్హత లేని, ప్రైవేటు బీమా కొనలేని కుటుంబాల పిల్లల కోసం 1997లో మరో పథకం తెచ్చారు. దాన్ని విస్తరించే బిల్లును 2007లో అధ్యక్షుడు బుష్ రెండుసార్లు వీటో చేశాడు. 2009 ఫిబ్రవరిలో ఒబామా సంతకం చేశాడు. పొగాకు మీద పన్ను పెంచి డబ్బు తెచ్చారు. అక్కడా వలస కుటుంబాల పిల్లలను చట్టబద్ధంగా ఉన్నా అయిదేళ్లు ఆగమన్న నియమం ఉండేది, దాన్ని సడలించే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది 2009 చట్టమే. అంటే అక్కడా బయటివారిగా చూడబడే పిల్లలే చివరి వరుసలో నిలబడ్డారు. మనం గమనించవలసింది మాత్రం 1967 నియమాన్ని. అది పరీక్షనూ వైద్యాన్నీ ఒకే ముడితో కట్టింది. మన దగ్గర పరీక్ష ఒక శాఖ, ఆపరేషన్ ఒక ట్రస్టు, గుడ్డు మరో శాఖ, కార్డు ఇంకో శాఖ. బిడ్డ మాత్రం ఒక్కటే.

హక్కు లేని చోటును దయ ఆక్రమిస్తుంది. ఆరోగ్యశ్రీ వచ్చింది సహాయనిధి అర్జీల వరుసను రద్దు చేయడానికి. ఆ వరుస పోలేదు. జాబితాలో లేని జబ్బుకు, కార్డులో లేని బిడ్డకు, పరిమితి దాటిన బిల్లుకు ఇవాళ్టికీ ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయం ముందు ఎల్‌ఓసీ కోసం నిలబడాలి. మరుసటి రోజు పత్రికలో చెక్కు అందుకుంటున్న తల్లి ఫొటో వస్తుంది. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద. ఆ ఫొటోలో డబ్బు ప్రజలది, కృతజ్ఞత నాయకుడికి. వెట్టిని చట్టం రద్దు చేసినా, వంగే అలవాటును ఇలాంటి ఫొటోలు బతికిస్తూనే ఉన్నాయి. నేను ఆ పెద్దమనిషి గడప ముందు నిలబడ్డ రెండు ఉదయాలూ అవే.

ఇంతకూ అడగవలసినవి ఏమిటి? మొదటిది లెక్క. పథకం కింద వైద్యం పొందిన పిల్లల వివరాలను కులం, ఉపకులం, తెగ, జిల్లా, ఆడ-మగ, జబ్బు బయటపడిన వయసు వారీగా ఏటా శాసనసభ ముందుంచాలి. తెలంగాణ 2024లో కులసర్వే చేసి జనాభాలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం అని ప్రకటించింది. పోల్చడానికి హారం దొరికింది కాబట్టి లవం చూపించకపోవడానికి సాకు లేదు. వర్గీకరణ చట్టమైన ఈ రోజుల్లో ఎస్సీల లోపలి తేడాలు కూడా ఆ పట్టికలో కనిపించాలి. సాధారణ పథకాల ఖర్చులో ఒక వాటాను ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక పద్దు కింద చూపే అలవాటు మన ప్రభుత్వాలకు ఉంది. ఆరోగ్య బీమా ఖర్చునూ అలా చూపినప్పుడు, ఆ డబ్బుతో ఎందరు ఎస్సీ, ఎస్టీ పిల్లలకు వైద్యం జరిగిందో చెప్పడం కనీస ధర్మం.

రెండవది, బిడ్డకు జనన నమోదే కార్డు కావాలి. పుట్టిన రోజు నుంచి పద్దెనిమిదో ఏడు వరకు, ఏ జిల్లాలో ఉన్నా, తల్లిదండ్రులు ఏ పని కోసం ఎక్కడికి వలస పోయినా, వైద్యం ఆ బిడ్డ వెంట నడవాలి. మూడవది, జాబితా ఆపరేషన్ బల్ల దగ్గర కాక బయటి రోగుల చీటీ దగ్గర మొదలవాలి. గొంతునొప్పికి పెన్సిలిన్, రక్తహీనతకు పరీక్ష, ప్రతి నవజాత శిశువుకు గుండె పరీక్ష, ఇటుకబట్టీల దగ్గరకూ నిర్మాణ స్థలాల దగ్గరకూ సంచార బృందం. పరీక్షలో లోపం బయటపడితే ఇన్ని రోజుల్లోగా వైద్యం జరగాలన్న గడువును చట్టంలో రాయాలి. నాలుగవది, తల్లి కూలి. ప్యాకేజీలో బస్సు ఛార్జీ ఉంది. బిడ్డ పక్కన కూర్చున్న ఇరవై రోజుల కూలి లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆపరేషన్ తరువాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున భృతి ప్రకటించినప్పుడు, పేదవాడి జబ్బంటే కోల్పోయిన పనిదినాలు కూడానని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. ఆ సూత్రాన్ని రెండు రాష్ట్రాల్లోనూ తల్లి వరకు తీసుకుపోవాలి. అయిదవది, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలు నిలబడాలి. బీమా డబ్బు అక్కడే ఖర్చయి, అక్కడే మిగలాలి.

డబ్బెక్కడిదని అడిగేవారుంటారు. పరిమితిని 2 లక్షల నుంచి 10 లక్షలకు, 25 లక్షలకు పెంచినప్పుడు ఆ ప్రశ్న అంత గట్టిగా వినిపించలేదు. పెన్సిలిన్ ఇంజెక్షన్ అన్నప్పుడే ఎందుకు వినిపించాలి?

మొన్న వేసవిలో ఊరికి పోయినప్పుడు పాప తన ఛాతీ మీది గీతను చూపిస్తూ, "మామా, ఇది నేను పెద్దగైతే పోతదా?" అని అడిగింది. చిన్నదవుతుంది గానీ పోదని చెప్పాను. "అట్లనే ఉండనియ్" అని ఆడుకోవడానికి పరిగెత్తింది. దూరాన మా అక్క మళ్లీ మేస్త్రీ పనికి సంచి సర్దుకుంటోంది. ఈసారి కార్డులో పాప పేరుంది. 2025లో చేర్పులు మొదలయ్యాక ఎక్కింది. ఆమె బతికి ఉండి ఎక్కింది. పేరు ఎక్కకముందే పోయిన పిల్లలు ఏ జాబితాలోనూ లేరు. వాళ్ల కులం ఏ గడిలోనూ లేదు. ముందు రాసుకున్న గడులనైనా ప్రభుత్వం బయటపెడితే, రాయనివారు ఎందరో లెక్కించడం మేము నేర్చుకుంటాం.